కంటికి ఆనని ఎరుపు
చలికాలం రాత్రి ఆకాశంలో వరుసగా మూడు చుక్కలు కనిపిస్తాయి. ఓరియన్ అనే నక్షత్ర మండలం నడుము అది. దాని పక్కనే పెద్ద ఎర్రటి వాయువు వంపు ఉంది. పేరు బర్నార్డ్స్ లూప్. కంటికి ఆనదు. మామూలు కెమెరాకూ అంతంతమాత్రమే. ఎందుకంటే, సెన్సర్ ముందుండే ఫిల్టర్ హైడ్రోజన్ ఎరుపును చాలావరకు ఆపేస్తుంది. ఆ ఫిల్టర్ మార్పిస్తే అదే మోడిఫైడ్ కెమెరా. పగటి ఫొటోలు మాత్రం ఎర్రబారతాయి, ముందే చెబుతున్నా!

మరి భూమి తిరుగుతుందిగా? ఎక్కువసేపు తీసే ఫొటోలో చుక్కలు గీతలైపోతాయి. అందుకే ట్రాకర్. కెమెరాను చుక్కలతోపాటే మెల్లగా తిప్పుతుంది. దాని ఇరుసు ధ్రువ నక్షత్రం వైపు ఉండాలి. హైదరాబాద్‌లో ధ్రువుడు 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. కాబట్టి ఊరి వెలుగుకు దూరంగా, ఉత్తరాన చెట్టూ మేడా అడ్డులేని చోటు చూసుకోండి. నిమిషం, రెండు నిమిషాల ఫొటోలు పదుల కొద్దీ తీసి కలపండి. ఆ ఎర్ర వంపు మెల్లగా పైకి తేలుతుంది.