హైదరాబాదు పేరు మోసిన పటాలములు



హఫీజ్‌పేటకు సముద్రము లేదు. ఇచ్చటి వారికి తెలిసిన నీరు చెరువు నీరే. అట్టి ఊరి గ్రంథాలయ రజతోత్సవమున సముద్రతీరమున దిగి పోరాడిన కాల్బలమును గూర్చి చెప్పుట వింతగా తోచవచ్చును. కాని రెండవ ప్రపంచ యుద్ధములో హైదరాబాదు పేరు గల పటాలములు రెండుసార్లు కడలి ఒడ్డున నిలిచినవి. ఒకసారి ఓటమి, ఒకసారి విజయము. ఆ రెండింటిని కలిపి చదివినప్పుడే పాఠము తెలియును.

మొదట ఆ పేరు కథ. 1813లో బ్రిటిషు రెసిడెంటు హెన్రీ రస్సెల్ నిజాము ఖర్చుతో ఒక సేనను కూర్చెను. అదే పెరిగి హైదరాబాదు కంటింజెంటు అయినది. ఇచ్చటికి ఈశాన్యముననున్న బొల్లారము దాని దండు. దాని జీతముల బాకీ కొరకే 1853లో నిజాము బీరారును కంపెనీవారికి అప్పగింపవలసి వచ్చెను. 1903లో ఆ సేన భారత సైన్యములో కలిసిపోయెను. 1922లో 19వ హైదరాబాదు రెజిమెంటు అను పేరు ఏర్పడెను. కాలక్రమమున అందు ప్రధానముగా ఉండినవారు కుమావూను కొండలవారు, అహీరులు, జాట్లు. పేరు మనది, మనుషులు దూరదేశమువారు.

నిజాము రాజ్యమునకు వేరుగా స్వంత సేన కలదు. అందలి 1వ హైదరాబాదు పటాలము 1941లో మలయాలోని కోటా బారు విమానాశ్రయమునకు కాపలాగా ఉండెను. డిసెంబరు 8వ తేదీ, అర్ధరాత్రి దాటిన పిమ్మట, జపాను సేనలు మూడు ఓడలనుండి పడవలలో అచ్చటి తీరమునకు వచ్చినవి. పెరల్ హార్బరుపై దాడికి ఇది గంటకు పైగా ముందు. తీరమును కాచిన డోగ్రా పటాలము గట్టిగా పోరాడెను. మన విమానములు ఒక ఓడను నాశనము చేసెను. అయినను శత్రువు ఒడ్డెక్కెను. ఆనాటి సాయంకాలమునకు విమానాశ్రయమును విడువవలసి వచ్చెను. ఆ గందరగోళములో 1వ హైదరాబాదు పటాలపు అధిపతి కర్నల్ హెండ్రిక్స్ మరణించెను.

జపానువారికి ధైర్యము మాత్రమే కాదు, ఏర్పాటు కూడ ఉండెను. వారి పడవల ముందుభాగము తలుపువలె క్రిందికి వాలును. సైనికుడు నేరుగా ఒడ్డున దిగును. ఆ విద్యను మూడేండ్ల తరువాత భారత సైనికులు వారిపైననే ప్రయోగించిరి.

1945 జనవరిలో బర్మాలోని ఆరకాను తీరమున, శత్రువు వెనుకకు మరలు బాటను కోసివేయుటకు కంగౌ గ్రామముపై దాడి జరిగెను. జనవరి 22న కమాండోలు ముందు దిగిరి. వారి వెనుక 25వ భారత డివిజనులోని 51వ బ్రిగేడు వచ్చెను. అందలి మూడు పటాలములకును భారతీయులే అధిపతులు: 8/19 హైదరాబాదుకు తిమ్మయ్య, 2/2 పంజాబుకు థోరాట్, 16/10 బలూచుకు ఎల్. పి. సేన్.

పటాలమున నాలుగు రైఫిలు కంపెనీలు, కంపెనీకి మూడు ప్లటూనులు, ప్లటూనునకు మూడు సెక్షనులు. దాడి పడవ ఒక్కొక్కటి దాదాపు 35 మందిని మోయును. అనగా పడవ ఒక ప్లటూనుకు సరిపోవును. అందువలన ఒడ్డున అడుగిడిన క్షణముననే ప్రతి నాయకుని చెంత అతని మనుషులుందురు. ప్రతి సెక్షనుకు ఒక బ్రెన్ తుపాకి, తక్కినవారికి రైఫిళ్లు, గ్రెనేడులు.

ఉడుపు కూడ మారెను. ఎడారికి తగిన ఖాకీ అడవిలో దూరమునుండి కనబడుచుండెను. కావున ఆకుపచ్చని దుస్తులు వచ్చినవి. తూటాల సంచులు, పట్టీలు సైతము పచ్చరంగు పూసుకొన్నవి. జలగలు ప్రాకకుండ కాళ్లకు పట్టీలు, మలేరియాకు మెపాక్రిను మాత్రలు. ఆ మాత్రలు మ్రింగినవారి చర్మము పసుపుపచ్చగా మారుచుండెను.

అయినను అసలు శత్రువు బురద. కోరంగి మడ అడవులను చూచినవారికి ఆ నేల తెలియును. పోటుకు పడవ సాగును. పాటుకు మోకాలు దాటిన అడుసు మిగులును. జనవరి 12న మైబాన్ వద్ద దిగినప్పుడు నీరు తీసిపోగా, వెనుక వచ్చినవారు గంటలకొలది అడుసులో ఈదులాడిరి. లెక్క తప్పినచో శూరుడును గురికి నిలువలేడు.

కంగౌ పైనున్న గుట్టల కొరకు ఘోరయుద్ధము జరిగెను. మూడు పటాలముల అధిపతులకును డి.ఎస్.ఓ. పతకము లభించెను. తిమ్మయ్య 1957 నుండి 1961 వరకు భారత సైన్యాధిపతిగా ఉండెను.

1945 అక్టోబరులో ఆ రెజిమెంటు కుమావూను రెజిమెంటు అను పేరు ధరించెను. నిజాము సేన 1948లో ముగిసెను. హైదరాబాదు పేరు రెండింటినుండియు తొలగెను. గెలిచినవారికి పతకములున్నవి, చరిత్రలున్నవి. కోటా బారులో చెదరినవారిని తలచువారు తక్కువ. వారు మన ప్రాంతపు సంస్థానమునకు కొలువు చేసినవారు. ఓడిరని మరచుట న్యాయము కాదు. ఏర్పాటు చాలనిచోట నిలిచిన మనిషి కథయు, అన్ని ఏర్పాట్లతో దిగిన మనిషి కథయు ఒకే బీరువాలో ప్రక్కప్రక్కన ఉండవలెను. దేశమంతటి జనులు నేడు వచ్చి నివసించు ఈ హఫీజ్‌పేటలో ఆ పని గ్రంథాలయముది.