మా ఇంటి రేషన్ స్కేలు

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి "ఏదైనా సర్వీసు అనుభవం చెప్పండి" అన్నారు. నేను మద్రాస్ శాపర్ని. 1977లో చేరి 2001లో కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దారుగా దిగిపోయాను. తుపాకీ కన్నా తక్కెడ ఎక్కువ పట్టుకున్నవాణ్ణి. అందుకని యుద్ధం కథ కాకుండా తక్కెడ కథే చెబుతాను. అది కూడా యూనిట్‌ది కాదు, మా ఇంటిది.

మాది శ్రీకాకుళం జిల్లా. మా నాన్నగారు 1957లో భిలాయ్ వచ్చి ప్లాంటు కట్టుబడి పనుల్లో చేరారు. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్‌గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించిన సంవత్సరమే నేను పుట్టాను. స్టేషన్ మరోదాలో నాన్నగారు వేసుకున్న రెండు గదుల ఇల్లే ఇప్పటికీ మా ఇల్లు. రాత్రిపూట దల్లీ రాజహరా నుంచి ఇనుపరాయి మోసుకొచ్చే గూడ్సు బండ్లు ఇంటి పక్కనుంచే పోతాయి. ఆ చప్పుడు లేకపోతే మాకు నిద్రపట్టదు. ఇంకోవైపు మరోదా చెరువు, అదే ప్లాంటుకి నీళ్ళిచ్చే రిజర్వాయరు. మా వీధిలో ఒరియా, ఛత్తీస్‌గఢీ, మలయాళీ, తెలుగు అన్ని భాషలూ వినబడతాయి. అందరి గోడమీదా అదే ఎర్రదుమ్ము.

ఆ దుమ్మే నన్ను మోసం చేసింది. లేదా, ఆ దుమ్మును సాకుగా పెట్టుకుని నేనే మోసపోయాను. 2022 వానాకాలం చివర్లో దగ్గు పట్టుకుంది. "దుమ్ము దగ్గు, అదే పోతుంది" అన్నాను. బజార్లో ఒక డాక్టరు సీసా తరువాత సీసా టానిక్కు రాశాడు. అలా రెండు నెలలు గడిచాయి. సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది, రాత్రి బనీను తడిసిపోయేది. పాంటు బెల్టుకి మేకుతో కొత్త బెజ్జాలు పొడుచుకుంటూ పోయాను. 71 కిలోలవాణ్ణి 54కి వచ్చాను. డిసెంబరులో కళ్ళె పరీక్ష చేస్తే టీబీ అని తేలింది.

మన భాషలో దానికి క్షయ అని పేరు. క్షయం అంటే కరిగిపోవడం. పేరు పెట్టిన పెద్దలు దగ్గునిబట్టి కాక బరువునిబట్టి పెట్టారు. తక్కెడ పట్టుకున్నవాణ్ణి నాకు ఆ మాట అప్పుడు తట్టలేదు.

మా తాతల కాలంలో ఈ జబ్బు వస్తే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియానికి పోవడమే. 1915 నుంచి ఉందది. వెళ్ళగలిగినవాడు వెళ్ళేవాడు, లేనివాడు ఇంట్లోనే కరిగిపోయేవాడు. మన ఫౌజులో అయితే పూణెకో, రాంచీ దగ్గర నామకుమ్‌కో పంపేవారు. మా కంపెనీ కుర్రాడొకణ్ణి అలా పంపినప్పుడు వాడి పెట్టె నేనే సీలు వేశాను. మనసులో అదే బొమ్మ పెట్టుకుని "నన్నెక్కడికి పంపుతారు?" అని అడిగాను. డాక్టరమ్మ నవ్వి "ఎక్కడికీ లేదు, ఇంటికి" అన్నారు.

ఇంటి దగ్గరే నయమవుతుందని రుజువు చేసినది మన దక్షిణాదేనట. 1956లో మద్రాసులో ఒక క్షయ చికిత్సా కేంద్రం పెట్టి, రోగుల్ని రెండు గుంపులు చేశారు. సగంమందిని శానిటోరియంలో ఉంచి పాలు, గుడ్లు, విశ్రాంతి ఇచ్చారు. సగంమందిని వాళ్ళ ఇరుకిళ్ళకే పంపి అవే మందులు ఇచ్చారు. సంవత్సరం తరువాత చూస్తే జబ్బు తగ్గడంలో రెండు గుంపులకీ పెద్ద తేడా లేదు. ఇంట్లోవాళ్ళకి అంటుకోవడం కూడా ఎక్కువ కాలేదు. ప్రపంచమంతా శానిటోరియాలు మూతపడటానికి అదొక కారణం. మందు సరిగా మింగితే జబ్బు పోతుంది, ఇది మొదటి మాట. ఆరు నెలలు, రోజూ పరగడుపున. నా బరువుకి నాలుగు మాత్రలు. ఉచ్చ నారింజరంగులో వస్తుంది, కంగారు పడకూడదు. ఒక్కరోజు కూడా తప్పలేదు నేను. రోల్ కాల్‌కి తప్పనివాణ్ణి మాత్రకి తప్పుతానా?

ఇక ఇంటి పరిస్థితి. మందులు ఉచితం. కానీ అమ్మాయి పెళ్ళి అప్పు, ఇంటి కప్పు అప్పు పోగా పింఛనులో నెలకి 14 వేలు చేతికొచ్చేది. అప్పటికి నిక్షయ్ పోషణ్ కింద ప్రభుత్వం నెలకి 500 ఇచ్చేది (2024 నవంబరు నుంచి అది వెయ్యి అయింది). గుడ్డు ఆరు రూపాయలు, కందిపప్పు నూటపది పైమాట. మా ఆవిడ ఒక పాత లెక్కల పుస్తకం తీసి మొత్తం ఆపరేషన్ తన చేతుల్లోకి తీసుకుంది.

ఆవిడ పొదుపు గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం ఎందుకు. పప్పు రాత్రే నానబెట్టి, పొద్దున్నే ఒకే కుక్కర్లో కింద పప్పు, మధ్యలో అన్నం, పైన గుడ్లు పెట్టేది. ఒక్క సిలిండరు 50 రోజులకి తగ్గకుండా వచ్చేది. వీధి చివర మునగచెట్టు ఉంది. మన దగ్గర కాయ కోసం పెంచుతాం గానీ ఛత్తీస్‌గఢ్‌లో ఆకే కూర. వీళ్ళకి భాజీ లేనిదే ముద్ద దిగదు. పక్కింటి దీదీ రోజూ ఓ గుప్పెడు మునగా భాజీ గోడమీద పెట్టేది. అది పప్పులో పడేది. ఉలవలు వీళ్ళు కుల్థీ అంటారు, కందిపప్పు కన్నా చవక. ఉలవచారు కాచి, ఉడికిన గింజలు తాలింపు పెట్టేది. పొద్దున చోడి అంబలి. ఎండాకాలం వచ్చాక తరవాణి అన్నం. అదే వీళ్ళ బోరే బాసి, పేరే తేడా. వేరుశెనగలు వేయించి డబ్బాలో పోసి నా మంచం పక్కన పెట్టేది. రోజుకి రెండు గుడ్లు, అరలీటరు పాలు నాకు. టీవీ రీచార్జి ఆపేశాం. పేపరు మానేసి దీదీ వాళ్ళది సాయంత్రం తెచ్చుకునేవాణ్ణి. వేడుక ఒక్కటే, మరోదా చెరువు గట్టు. మొదటి వారం మూడు కరెంటు స్తంభాల దూరం నడిచి కూర్చుండిపోయాను. తరువాత వారం అయిదు. ఫిబ్రవరికి గట్టెక్కి నీళ్ళు చూశాను. మధ్యాహ్నం నిద్ర. ఖాళీగా ఉంటే చింతపండు గింజలు తీయడం, బియ్యంలో రాళ్ళేరడం. ఫౌజీకి అంతకన్నా మంచి లైట్ డ్యూటీ ఉండదు.

పాత సామాన్ల కొట్టులో బరువు యంత్రం ఒకటి 300కి కొన్నాను. ప్రతి ఆదివారం పొద్దున ఎక్కి పుస్తకంలో రాసుకునేవాణ్ణి. రెండు నెలలకి 57. పొంగిపోయాను.

ఇప్పుడు అసలు సంగతి.

జబ్బు అంటుకుంటుందన్న భయంతో మొదటి రోజునే నా కంచం, గ్లాసు, చాప వేరు చేయించాను. ముందుగదిలో నేను, వెనకగదిలో ఆవిడ, మధ్యలో కర్టెను. అది దగ్గు తుంపర్ల వల్ల గాలిలో వస్తుంది గానీ కంచం వల్ల రాదని డాక్టరమ్మ చెప్పారు. మందు పని చేస్తుంటే కొన్ని వారాల్లోనే అంటించే శక్తి బాగా తగ్గిపోతుందని కూడా చెప్పారు. కిటికీలు తెరిచిపెట్టుకోండి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోండి, చాలు అన్నారు. నేను వినలేదు. నాలుగు నెలలు ఆ కర్టెను అలాగే ఉంచాను. ఆవిడ మంచికే అనుకున్నాను. దానివల్ల జరిగిందేమిటంటే, ఆ నాలుగు నెలలూ ఆవిడ ఏం తింటోందో నేను చూడలేదు.

2023 ఏప్రిల్లో ఒకరోజు నాకు పప్పు వడ్డిస్తుంటే ఆవిడ చేతి గాజు జారి గిన్నెలో పడింది. పగిలి కాదు, జారి. మణికట్టు మీదుగా, పిడికిలి మీదుగా జారి పడింది. సబ్బు రాస్తే గానీ ఎక్కని గాజులవి. ఆవిడ నవ్వేసి గరిటెతో తీసుకుంది. నాకు మటుకు నా బెల్టు బెజ్జాలు గుర్తొచ్చాయి.

"యంత్రం ఎక్కు" అన్నాను. "ఇప్పుడా? పనుంది" అంది. గట్టిగా అన్నాను, సర్వీసు గొంతుతో. ఎక్కింది. 39న్నర. డిసెంబరులో నాకు జబ్బు తేలినప్పుడు ఆరోగ్య కార్యకర్త ఇంటికొచ్చి ఆవిడకి కూడా ఎక్స్‌రే తీయించి, ముందుజాగ్రత్త మాత్రలు ఇచ్చారు. ఆ రోజు కార్డు మీద రాసిన బరువు 46.

కర్టెను తీసి వెనకగదిలోకి వెళ్ళాను. గిన్నెలో గంజి, ఉప్పు, ఒక ఎండుమిరపకాయ. పొద్దున్నుంచి అదేనట. నాలుగు నెలల నుంచీ అదేనట. పాలలో మీగడ కూడా నాకే. "ఏటండీ ఇది, చిన్నపిల్లాడిలాగ ఏడుస్తారు? మీరు లెగిస్తే సాలు. నాకేటయిపోద్ది" అంది.

తమ్ముళ్ళారా, లంగరు లెక్క మీకు తెలుసు. పొద్దున ప్యారేడ్ స్టేట్ మీద ఎన్ని తలలుంటే అన్నిటికీ రేషను డ్రా చేస్తాం. అందులో వంటవాడి తల కూడా ఉంటుంది. వంటవాడు అందరికన్నా చివర తినొచ్చు గానీ వాడి వాటా ముందే తూకమై ఉంటుంది. 20 గ్రాములు తేడా వస్తే స్టోర్సులో నేను కేకలేసేవాణ్ణి. అలాంటివాణ్ణి, నా ఇంటి ప్యారేడ్ స్టేట్ మీద ఒక్క తలే రాసుకున్నాను.

మర్నాడే ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. ఎక్స్‌రే, కళ్ళె, రక్తం. ఆరు రోజులకి గానీ అన్నీ చేతికి రాలేదు. ఆ ఆరు రాత్రులు గూడ్సు బండి వచ్చినా నాకు నిద్రపట్టలేదు. టీబీ కాదన్నారు. హిమోగ్లోబిన్ 7.8. "ఇలాగే ఇంకో రెండు నెలలు గడిచుంటే నేను చెప్పలేను" అన్నారు డాక్టరమ్మ.

ఆ రోజు నుంచి ఒకే చాప. రెండు గుడ్లలో ఒకటి ఆవిడది, అరలీటరు పాలలో సగం. నాకు తగ్గిన దానికి ఉలవలు, వేరుశెనగ పెంచాం. ఖర్చు నెలకి 400 పెరిగింది. నా పాత సైకిలు అమ్మేశాను. నా బరువు ఆగిపోతుందేమోనని ఆవిడ భయం. ఆగలేదు. జూన్‌లో కోర్సు ముగిసేసరికి 62.

ఆ ఆగస్టులో జార్ఖండ్ పరిశోధన ఫలితాలు వచ్చాయి. మన సంఘంలోని రిటైర్డ్ ఆర్మీ డాక్టరుగారు నాకు విడమరిచి చెప్పారు. నాలుగు జిల్లాల్లో 2,800 మంది రోగులు, వాళ్ళ ఇళ్ళల్లో పదివేలకు పైగా మనుషులు. రోగులందరికీ నెలకి 10 కిలోల తిండి మూట ఇచ్చారు. సగం ఇళ్ళల్లో మాత్రం ఇంట్లో మిగతావాళ్ళకి కూడా, పెద్దవాళ్ళకి తలకి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిను మాత్రలు ఇచ్చారు. అలా ఇచ్చిన ఇళ్ళల్లో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. రోగుల్లోనూ మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్ళకి చావు ప్రమాదం 61 శాతం తక్కువగా కనబడింది. నా 54 నుంచి 57 అదే లెక్క. ఆ మూడు కిలోలు ఎవరి ఒంట్లోంచి వచ్చాయో ఇప్పుడు మీకు తెలుసు.

మద్రాసు పరిశోధన తప్పా మరి, అని నేను అడిగాను. కాదు. మందే జబ్బుని చంపుతుందన్నది వాళ్ళు చూపించారు. శానిటోరియంలో ఉన్నవాళ్ళు బరువు ఎక్కువ పెరిగారని కూడా వాళ్ళే రాశారు. ఆ రెండో మాట జనం మరిచిపోయారు. మన ఛత్తీస్‌గఢ్‌లోనే, బిలాస్‌పూర్ దగ్గర గనియారిలో వైద్యులు లెక్క తీస్తే, టీబీ తేలేనాటికి మగవాళ్ళు 42 కిలోలు, ఆడవాళ్ళు 34 కిలోల దగ్గర ఉన్నారట. 34 కిలోలు! ఆ ఆడవాళ్ళు జబ్బు వచ్చి చిక్కారా, చిక్కితే జబ్బు వచ్చిందా? రెండూనట. 39న్నర నుంచి 34 ఎంత దూరమో ఆలోచించుకుంటే నాకు ఇప్పటికీ చెమట పడుతుంది.

ఇక్కడ గుండె ఆపరేషనో, కామెర్లో, మరేదో అయి ఇంట్లో కోలుకుంటున్నవాళ్ళు ఉంటారు. మీ పథ్యం గురించి నేను చెప్పను, అది మీ డాక్టరు చెబుతారు. ఇంట్లో బరువు యంత్రం ఉంటే మాత్రం వచ్చే ఆదివారం మీరు దిగాక, మీకు వడ్డించే మనిషిని ఎక్కించండి. పనుంది అంటారు. సర్వీసు గొంతు వాడండి.

మా పుస్తకంలో ఇప్పుడు రెండు గళ్ళు ఉన్నాయి. పోయిన ఆదివారం నాది 66. ఆవిడది 48 కిలోల 200 గ్రాములు. ఆవిడ మూడో వరుసలోనే కూర్చుని ఉంది. బరువు ఇంతమందిలో చెప్పినందుకు ఇంటికి వెళ్ళాక నాకు ఎలాగూ ఉంటుంది. భోజనాల గంట కూడా కొట్టినట్టున్నారు. సెలవు. జై హింద్.