నల్లరేగడిలో ఇంటి పునాది: మరమ్మతులో మనము చేయు పొరపాట్లు

(ఉప్పల్, నాచారం ప్రాంతముల రైతుల కొరకు చేసిన ప్రసంగ పాఠము)



ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. కట్టిన ఇల్లు పగిలినప్పుడు దానిని బాగుచేసి చూడుమని మాత్రము వారు అనలేదు. ఆ రోజులలో గోడ మట్టిగోడ. పగిలినచో ఇంటి ఇల్లాలే తడిమట్టి మెత్తి, పేడతో అలికెడిది. నేటి గోడ సిమెంటు గోడ. దాని పగులు కూడ ఖరీదైనదే.

పంటల గురించి చెప్పవలసినవాడు గోడల మాట ఎత్తుకొన్నాడేమని మీలో కొందరికి తోచవచ్చును. కాని ఈ వైపు రైతులు నన్ను పొలము గురించి కంటె గోడ గురించియే ఎక్కువగా అడుగుచున్నారు. మూసీ ఒడ్డున పశుగ్రాసము పెంచిన కుటుంబములు, చెరువు క్రింద వరి పండించిన కుటుంబములు భూమిలో చాల భాగము అమ్ముకొని, మిగిలిన రెండు మూడు వందల గజములలో ఇల్లు కట్టుకొన్నవి. పై అంతస్తు అద్దెకిచ్చి బ్రతుకు వెళ్ళదీయువారు ఎందరో కలరు. వారికి ఇప్పుడు ఇల్లే పొలము, అద్దెయే పంట. పునాది కదలినచో పోవునది గోడ ఒక్కటియే కాదు. పైగా ఇది నేలకు సంబంధించిన సంగతి కనుక చెప్పుటకు నాకు కొంత అధికారము కలదనుకొనుచున్నాను.

ఈ ప్రాంతపు నేల ఒక్క తీరుగా ఉండదు. నాచారంలో ఒకచోట గునపము దిగని గ్రానైటు బండ పైకి తేలి కనిపించును. దాని ప్రక్కన మొరము, ఎఱ్ఱ చెల్క. అక్కడినుండి వాలు వెంట చెరువు వైపు దిగినచో కాలికి అంటుకొని వదలని నల్లమట్టి. ఉప్పల్ నల్లచెరువు, నాచారం చెరువు, రామంతాపూర్ చెరువుల పల్లములలోను, మూసీ ఒడ్డునను ఒండ్రుమట్టి, బంకమట్టి తగులును. వీటికి తోడు ఇటీవలి కాలములో పల్లములను పూడ్చుటకు పోసిన శిథిలముల మట్టి ఒకటి. ఇరుగు పొరుగు ఇండ్లు రెండింటికి ఒకే మేస్త్రి ఒకే విధముగా పునాది వేసినను, ఒకటి చెక్కు చెదరక నిలిచి రెండవది బీటలు వారుటకు కారణము ఇదే. ఒకే ఇల్లు సగము మొరముపైన, సగము నల్లమట్టిపైన కూర్చున్నచో ఇబ్బంది మరింత ఎక్కువ. మొరము కదలదు, నల్లమట్టి ఊరుకొనదు.

నల్లరేగడి స్వభావము మీకు క్రొత్తగా చెప్పవలసినది కాదు. వేసవిలో నెఱ్ఱెలు విచ్చును, పై మట్టి ఆ నెఱ్ఱెలలోనికి జారును, వానకు మరల ఉబ్బి మూసికొనును. తన్ను తాను దున్నుకొను నేల అని దానికి పేరు. ఈ మట్టిలోని మాంట్‌మొరిల్లొనైటు అను ఖనిజము పలుచని రేకుల దొంతర వలె ఉండును. ఆ రేకుల నడుమ నీరు చేరినచో మట్టి ఉబ్బును, నీరు పోయినచో కుంచించుకొనును. పత్తికి, జొన్నకు మేలు చేసిన ఈ గుణమే గోడకు కీడు చేయుచున్నది. ఇంటి నడుమ భాగము క్రింది నేల నీడన ఉండి, తడి ఆరక, కదలక ఉండును. అంచులు, మూలలు మాత్రము ఎండకు ఎండి వానకు తడియును. అందువలననే పగులు సాధారణముగా ఇంటి మూలలలో మొదలగును.

ఇక్కడ నా స్వంత పొరపాటు ఒకటి చెప్పెదను. చెరువు వాలులో మా తండ్రిగారు కట్టించిన ఇంటికి ఒక ఏప్రిల్ నెలలో కిటికీ మూలనుండి వ్రేలు దూరునంత పగులు విచ్చినది. మేస్త్రి వచ్చి సిమెంటు, ఇసుక గట్టిగా కూరి, పైన గిలాబా చేసి, "సారూ, ఇక నూరేండ్లు చూడ నక్కరలేదు" అన్నాడు. జూలై వానలకు నేల ఉబ్బినది. గోడ తన చోటికి తాను తిరిగి రాబోయినది. కాని రావలసిన సందును మేము ముందే నింపివేసితిమి. గోడకు మరొక ప్రక్క క్రొత్త పగులు పుట్టినది. తలుపు చౌకట్టు బిగిసికొనిపోయి గొళ్ళెము పడలేదు. మరుసటి వేసవిలో ఆ రెండు పగుళ్ళను కూడ నింపితిమి. ఇట్లు మూడేండ్లు మేస్త్రికి డబ్బిచ్చి మా గోడను మేమే పగులగొట్టుకొన్నాము. మేస్త్రిని అనుటకు లేదు. వేసవిలో రేగడి చేనికి నెఱ్ఱెలు విచ్చినచో వాటిలో సిమెంటు పోయమని నేనెన్నడైన రైతుకు చెప్పితినా? ఇంటికి వచ్చుసరికి ఆ తెలివి ఏమైనదో!

కావున పగులు కనిపించిన వెంటనే తాపీ పట్టకూడదు. ముందు దానిని చదువవలెను. కిటికీ, తలుపు మూలలనుండి ఏటవాలుగా పోవుచు పైన వెడల్పుగా, క్రింద సన్నగా ఉన్నచో ఆ వైపు మూల క్రిందికి దిగినదని గ్రహింపవలెను. క్రింద వెడల్పుగా ఉన్నచో నడుమ దిగినది, లేక అంచులు లేచినవి. స్లాబు క్రిందుగా అడ్డముగా పోవు గీత ఎండకు స్లాబు సాగుటవలన వచ్చునది. దానికై పునాది త్రవ్వుట వృథా ఖర్చు. సాలెగూడు వలె సన్నని గీతలు గిలాబాకు మాత్రమే చెందినవి. పాత గదికి క్రొత్త గది కలిపిన చోట నిలువుగా విచ్చిన సందు సహజము. రెండును వేరు వేరు కాలములలో నేలపై కూర్చున్నవి కదా! ఆ సందును బిగించి కట్టుటకు బదులు, విడిగానే ఉంచి, కదలికకు లొంగు మెత్తని పదార్థముతో మూయించుట మేలు.

పగులు ఇంకను కదలుచున్నదా, నిలిచినదా తెలిసికొనుటకు సులభమైన ఉపాయము కలదు. పగులుకు ఇరువైపుల రెండు మేకులు కొట్టి, వాటి నడిమి దూరమును నెలకొకసారి కొలిచి, తేదీతో గోడమీదనే వ్రాయవలెను. పగులుకు అడ్డముగా పలుచని గాజు పట్టీ అంటించినను చాలును. గోడ కదలినచో అది చిట్లును. కనీసము ఒక వేసవి, ఒక వానకాలము గడువవలెను. వేసవిలో విచ్చి వానలకు మూసికొను పగులు రేగడివలన వచ్చినది. ఏడాది పొడవున ఒకే వైపు పెరుగుచున్న పగులు వేరొక జబ్బు. పూడ్చిన మట్టి క్రుంగుచుండవచ్చును, పైపు కారుచుండవచ్చును. దానికి ఏడాది ఆగరాదు. పగులు నానాటికి పెరుగుచున్నను, గోడ ఒక వైపు ఒరిగినను, దూలము తన ఆనుడునుండి జారినను వెంటనే ఇంజనీరును పిలువవలెను.

మట్టి ఏ పాటి ఉబ్బునో చూచుటకు ఒక పరీక్ష కలదు. ఎండబెట్టి, పొడిచేసి, సన్నని జల్లెడ పట్టిన మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు కొలత గాజు గొట్టములలో పోయవలెను. ఒకదానిలో కిరోసిన్, రెండవదానిలో శుద్ధమైన నీరు 100 మిల్లీలీటర్ల గుర్తు వరకు పోసి, బాగుగా కలిపి, ఒక రోజు కదపక ఉంచవలెను. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీటిలో ఉబ్బును. కిరోసిన్‌లో మట్టి 10 మిల్లీలీటర్ల గుర్తు వద్ద, నీటిలో 16 వద్ద నిలిచినచో ఉబ్బు నూటికి 60 అన్నమాట. నూటికి 50 దాటినచో జాగ్రత్త పడవలసినదే. పై మట్టి కాక, పునాది లోతునుండి తీసిన మట్టినే పరీక్షింపవలెను. మీ వద్దనున్న భూసార పరీక్ష పత్రము ఇందుకు పనికిరాదు. అది నత్రజని, భాస్వరము సంగతి చెప్పును గాని గోడ సంగతి చెప్పదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది నీరు. గోడను ముట్టుటకు ముందు నీటిని సరిచేయవలెను. నేను చూచిన పగిలిన ఇండ్లలో చాలవాటికి పగిలిన మూలనే బట్టలుతుకు బండయో, బోరు మోటారు వద్ద కారు పైపో, మిద్దెపైనుండి దిగు వాన గొట్టమో కనిపించినది. మరుగుదొడ్డి నీటి గుంతను గోడకు ఆనించి త్రవ్వించువారు కూడ కలరు. నేలకు ఒక ప్రక్క నిత్యము తడి, మరొక ప్రక్క ఎండు. ఇక గోడ ఎట్లు నిలుచును? ఇంటి చుట్టును 2 మీటర్ల వెడల్పున మొరము పోసి దిమ్మిస చేయించి, దానిపై బయటి వైపునకు వాలుగా గచ్చు వేయించవలెను. వాన గొట్టముల నీటిని ఆ గచ్చు దాటించి కాలువలో కలుపవలెను. ఇంకుడు గుంత అవసరమే గాని, నల్లమట్టిలో దానిని పునాది దగ్గర త్రవ్వరాదు. బంకమట్టి నీటిని త్వరగా ఇంకించుకొనదు. ఆ నీరు నిలిచి పునాదినే నానబెట్టును.

పునాది ప్రక్క గాడి త్రవ్వి ఇసుక నింపుట మన వైపు అలవాటు. బంకమట్టి నడుమ ఇసుక గాడి తొట్టి వంటిది. పైన గచ్చుతో మూయనిచో వాన నీరంతయు అందులో చేరి, పునాది చుట్టును నిలిచియుండును. ఆ పనికి ఇసుక కంటె, ఉబ్బు గుణము లేని మొరమును తడిపి పొరలు పొరలుగా కుదించుట మేలు. త్రవ్వి తీసిన నల్లమట్టినే మరల నింపుట అన్నిటికంటె చెడ్డది.

2020 అక్టోబరు 13న కురిసిన కుంభవృష్టి మీకు జ్ఞాపకము ఉండియే ఉండును. అట్టి వానలకు ఈ వైపు పల్లపు కాలనీలలో నీరు నిలుచును. నీరు తీసిన వారమునకే గోడలు బాగుచేయ పూనుకొనుట కూడ పొరపాటే. పై నేల ఆరినను లోపలి బంకమట్టి నెలల తరబడి ఉబ్బియే ఉండును. అది దిగువరకు ఆగవలెను.

చెట్ల సంగతి. రావి, మఱ్ఱి, నీలగిరి వంటివి గోడకు దగ్గరగా ఉన్నచో వేసవిలో పునాది క్రింది తడిని పీల్చివేయును. కనుక క్రొత్తగా నాటునప్పుడు దూరముగా నాటవలెను. అయితే ఇంటికంటె ముందునుండి ఉన్న పెద్ద చెట్టును భయపడి ఒక్కసారి నరికివేయరాదు. అది త్రాగుచుండిన నీరు నేలలో మిగిలి, మట్టి ఉబ్బి, కొన్నేండ్ల వరకు గోడను పైకి లేపవచ్చును. ఏటేట కొమ్మలు కొట్టించి అదుపులో ఉంచుట క్షేమము.

విదేశములలోనున్న మీ పిల్లలు ఫోనులో పంపు సలహాల గురించి ఒక మాట. టొరంటో వంటి శీతల ప్రదేశములలో చలికాలమున నేలలోని నీరు గడ్డకట్టి మంచు పొరలై, పునాదిని పైకి తన్నును. అందుచేత అక్కడ పునాదిని ఆ గడ్డకట్టు లోతునకు దిగువన, సుమారు 4 అడుగుల క్రింద వేయుదురు. మన హైదరాబాదు చలికి నేల గడ్డకట్టదు. ఇక్కడ గోడను కదలించునది పుష్యమాసపు చలి కాదు, వైశాఖపు ఎండ, శ్రావణపు వాన. ఆ 4 అడుగుల లెక్కను మనము తెచ్చుకొన్నచో మోసపోదుము. లోతైన నల్లరేగడిలో తడి పొడి మార్పు సుమారు 3.5 మీటర్ల వరకు, అనగా పదకొండు అడుగులకు పైగా పోవును. మనకు పోలికైన ఊరు అమెరికాలోని డల్లాస్. అక్కడ కూడ ఉబ్బు బంకమట్టియే. అక్కడివారు వేసవిలో ఇంటి చుట్టును చిల్లుల గొట్టము పరచి, నేల ఎండి విచ్చకుండ కొద్ది కొద్దిగా నీరు పెట్టుదురు. మన డ్రిప్పు వంటిదే. చుట్టును సమముగా తడి ఉంచుట అందులోని కీలకము. విచ్చిన నెఱ్ఱెలో గొట్టముపెట్టి నీరు వదలుట కాదు.

నీరు సరిచేసి, ఏడాది చూచిన పిమ్మట కూడ మూల దిగుచునే ఉన్నచో అప్పుడు పునాదిని ముట్టవలసి వచ్చును. అప్పుడు జరుగు పెద్ద పొరపాటు ఆ ఒక్క మూల క్రింద త్రవ్వి, అదే నల్లమట్టిపై పెద్ద కాంక్రీటు దిమ్మ పోయుట. దిమ్మ బరువైనంత మాత్రమున మట్టి స్వభావము మారదు. ఆపైన ఒక మూల ఒక విధముగా, మిగిలిన మూడు మూలలు వేరొక విధముగా కదలును. ఉబ్బు మట్టిని దాటి క్రిందనున్న మొరమును, బండను అందుకొనవలెను. గోడ క్రింద ఒకేసారి పొడవుగా త్రవ్వించుట ప్రాణాపాయము. ఒక మీటరు చొప్పున, ఒకటి విడిచి ఒకటిగా త్రవ్వి, కట్టి, అది గట్టిపడిన తరువాతనే ప్రక్కది త్రవ్వవలెను. ఈ పని వానకాలములో వద్దు.

క్రొత్తగా కట్టువారికి ఇంతకంటె మంచి మార్గమున్నది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు మన రేగడి నేలలకని అడుగున గుండ్రని ఉబ్బు ఉండు కాంక్రీటు స్తంభముల పద్ధతిని వృద్ధిచేసినారు. స్తంభము మందమునకు సాధారణముగా రెండున్నర రెట్లు వెడల్పుండు ఆ ఉబ్బు, మార్పులేని లోతున పట్టు సంపాదించి, పై మట్టి ఎంత ఉబ్బినను స్తంభమును పైకి లేవనీయదు. లోతైన రేగడిలో దీనిని కనీసము 3.5 మీటర్లు దింపవలెను. ఖర్చు ఎక్కువని మేస్త్రి అనును. మూడేండ్ల నా గిలాబా ఖర్చు ఆయన లెక్కలో లేదు.

ఈ వేసవి చివర, తొలకరికి ముందు, మీ గోడ పగుళ్ళకు మేకులు కొట్టి మొదటి కొలత వ్రాసికొనండి. కార్తీకమాసములో మరల కొలిచి ప్రక్కనే వ్రాయండి. ఇంటి పటము గీసి, నీరు కారు చోట్లు, చెట్లు, గుంతలు అందులో గుర్తించి, ఆ కాగితము తీసికొని ఇంజనీరు వద్దకు వెళ్ళండి. ఆయన అడుగు మొదటి ప్రశ్నలకు జవాబు అందులోనే ఉండును.