నేలసారము - పూతకాలము

పత్తిచేను నల్లగా నిగనిగలాడుచు నడుము దాటి పెరిగినచో రైతునకు కన్నులపండువుగా నుండును. దారిన పోవువారును చేను బాగున్నదనియే యందురు. కాని ఆకు వేరు, కాపు వేరు. ఆ చేను ఎప్పుడు పూచినది, ఎంత పూచినది అనుదానిని బట్టియే ఇంటికి వచ్చు ఫలితము నిర్ణయమగును. పూతకాలమునకును నేలసారమునకును గల సంబంధమును గూర్చి నాలుగు మాటలు చెప్పుట ఈ ప్రసంగమున కుద్దేశము.

మొక్క మొదట వేరును, కాండమును, ఆకును పెంచుకొనును. పిదప పూచి కాచును. ఈ మార్పు ఎప్పుడు జరుగవలెనో నిర్ణయించు కారణములు పెక్కు. జాతిలక్షణ మొకటి, వేడిమి యొకటి, పగటి నిడివి యొకటి. అమెరికాలో గార్నరు, అల్లార్డు అను శాస్త్రజ్ఞులు ఒక రకపు పొగాకు పగలు కురుచయైనప్పుడే పూయునని 1920లో ప్రకటించిరి. అంతకు రెండేండ్ల ముందు, 1918లో, క్రాస్, క్రేబిల్ అనువారు టమాటాపై పరిశోధించి, ఆకు తయారుచేయు పిండిపదార్థమునకును వేరు తెచ్చు నత్రజనికిని ఒక తూకము కలదని చెప్పిరి. నత్రజని మితిమీరిన మొక్క ఆకులనే పెంచును. మరీ కొరవడిన మొక్క గిడసబారును. రెంటికిని పొంతన కుదిరినప్పుడే కాపు.

ఆ తూకమొక్కటే పూతకు మూలమను వాదమును నేటి శాస్త్రము అంగీకరింపదు. ఆకులో పుట్టి కొమ్మ చివరకు చేరు ఒక మాంసకృత్తు పూతకు పిలుపు నిచ్చునని ఇప్పుడు తెలిసినది. అయినను నత్రజని హెచ్చైనచో పెక్కు పైరులలో పూత వెనుకబడు ననుట మాత్రము నిలిచిన సత్యము.

ఇక పలనాటి సంగతి. శ్రీనాథుని పేర ప్రచారమందున్న చాటువులు ఈ సీమలోని నీటికొరతను, జొన్నకూటిని ఎత్తిపొడిచినవి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. నీటి వెంట ఎరువుబస్తా వచ్చినది. పత్తి, మిరప విస్తరించినవి. కాని కాలువ అందని పొలములు నేటికిని వానకే ఎదురుచూచును.

అట్టి నల్లరేగడిలో విత్తిన పత్తి దాదాపు నెలన్నరకు గూడ, అనగా మొగ్గ, కట్టును. మొగ్గ పూవగుటకు సుమారు మూడు వారములు, పూవు కాయయై పగులుటకు మరి యేడు వారములు పట్టును. వానలు వెనుదీసిన పిదప నేలలోని తేమయే దిక్కు. తేమ యుండగా పూచినది నిలుచును. ఆలస్యముగా పూచినది చాలవరకు రాలును. గులాబిరంగు కాయతొలుచు పురుగు బెడదయు అప్పుడే హెచ్చు. కౌలురైతునకు ఈ రెండు మూడు వారముల తేడాయే అప్పు తీరుటకును మిగులుటకును నడుమ నున్న గీటు.

యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. వేసిన కొలది దినములకే చేను పచ్చబడును గనుక రైతు చేయి దానివైపే పోవును. మితిమీరినచో కాయకొమ్మలకు బదులు ఆకుకొమ్మలు సాగును; నీడ ముసిరి అడుగు గూడ రాలును; లేత ఆకు రసము పీల్చు పురుగులకు విందగును.

భాస్వర మట్లుగాక వేరును బలపరచి, పైరు వేళకు పక్వమగుటకు తోడ్పడును. అయితే పిడుగురాళ్ల, మాచర్ల ప్రాంతములు సున్నపురాతికి ప్రసిద్ధములు. సున్నము హెచ్చైన నేలలో భాస్వరము దానితో కలిసి కరగని రూపము దాల్చును. జింకు, ఇనుము సైతము వేరునకు సులభముగా చిక్కవు. కావున భాస్వరపు టెరువును పైపైన చల్లక, ఆఖరు దుక్కిలో వేరు పాకు లోతున పడునట్లు వేయవలెను. పశువుల ఎరువును తోడు చేయవలెను. పుప్పొడి మొలకెత్తుటకు బోరాను కావలెను. అది లోపించినచో వచ్చిన పూతయు నిలువదు.

పత్తికి నత్రజనిని ఒక్కమారుగా గాక, విత్తిన 30, 60, 90 దినములకు మూడు పాళ్లుగా వేయుమని శాస్త్రజ్ఞుల సిఫారసు. మోతాదును మాత్రము మన్నుపరీక్షను బట్టి నిర్ణయించుకొనవలెను. భూసార పత్రముల పథకము 2015లో ప్రారంభమైనది ఇందులకే.

పూత రాలిన ప్రతిసారియు ఎరువుకొరత యని తలపరాదు. ముసురు, బెట్ట, పురుగు కూడ పూతను రాల్చును. 2021లో మిరప పూవులను నాశము చేసినది నల్ల తామరపురుగు; దానికి యూరియా మందు కాదు. నేల బీదయై ముందుగా పూచిన పైరును చూచి మురియుటయు తగదు. నాలుగు కాయలతో దాని శక్తి ఉడుగును.

బస్తా విప్పుటకు ముందు ఆకురంగును గాక, కొమ్మకు ఎన్ని గూడలు కట్టినవో లెక్కింపుడు. ఎంత వేయవలెనో, అసలు వేయవలెనో లేదో, ఆ లెక్కతో మన్నుపరీక్ష ఫలితమును జోడించి నిర్ణయించుకొనుడు.