సండే స్కూల్ వాలంటీర్‌కి కేటీ ఎవరిస్తారు?

ఈరోజు వీడియో మా మైలవరం నుంచే. నా వెనకాల కనిపిస్తున్నది పెన్నా మీద కట్టిన మా డ్యామ్. గాలి గట్టిగా ఉంది, మైకులో సౌండ్ వస్తే కొంచెం సర్దుకోండి.

సరే, విషయంలోకి వస్తా. నేను రోజూ బస్సులో పోయి బీటెక్ చదువుకునే రోజులవి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన నా భుజం మీద చెయ్యేసి, "అబ్బోడా, నువ్వు సదువుకున్నోడివి. వచ్చే వారం నుంచి పిల్లోళ్ల క్లాసు నువ్వే చూసుకో" అన్నాడు. అంతే. అదే ఇంటర్వ్యూ, అదే ట్రైనింగ్.

పాటలు, కథలు, బొమ్మలు... బాగానే లాక్కొచ్చాను. ఒకరోజు తొమ్మిదేళ్ల పాప ఒకతి క్లాసు అయ్యాక ఆగింది. "అన్నా, మా నాయన తాగొచ్చి అమ్మను కొడతాండాడు. ప్రార్థన చేస్తే ఆగుతాడా?" అని అడిగింది.

నాకేం చెప్పాలో తెలియలేదు. "ప్రార్థన చేద్దాంలే" అని రెండు మాటలు ప్రార్థించి పంపించేశాను. ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెప్పాలో కూడా తెలియదు. తర్వాతి ఆదివారం ఆ పాప రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

తర్వాత నాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. మొదట ట్రైనింగ్, తర్వాత ఒక సీనియర్ దగ్గర కేటీ. స్క్రీన్ మీద బటన్ రంగు మార్చాలన్నా ఇంకొకరు కోడ్ చూసి ఓకే అనాల్సిందే. అప్పుడు అనిపించింది: బటన్‌కి ఇంత జాగ్రత్తా? పిల్లల మనసులు నా చేతికి ఇచ్చినప్పుడు ఒక్కరూ రివ్యూ చేయలేదే!

"సేవకి ట్రైనింగ్ ఏంది, ఆత్మ నడిపిస్తాడు కదా" అంటారు కొందరు. మన జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి కూడా మిషనరీలు సేవగా మొదలుపెట్టిందే. సేవే కదా అని, నేర్చుకోనివాళ్ల చేతికి సూది ఇస్తామా?

మన తెలుగు సంఘ చరిత్రలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి ప్రాంతం తమిళుడు. 1909లో దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని సేవ చేశాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. ఊరూరా సంఘాలు పెరుగుతుంటే, ఆయన పల్లె ఉపదేశకుల శిక్షణ మీద దృష్టి పెట్టాడు. చదువుకోవడానికి వచ్చినవాళ్ల భార్యలకి కూడా నేర్పించారు. ఎందుకంటే ఊళ్లో ఆడవాళ్లు తమ కష్టం చెప్పుకునేది ఆ అక్కకే. ఆలోచించండి, వందేళ్ల కిందటి మాట ఇది!

బైబిల్లో కూడా, నిర్గమకాండం 18వ అధ్యాయం తీసి చూడండి. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తగాదాలు తీరుస్తుంటే, మామ యిత్రో చూసి పద్ధతి మార్పించాడు. వెయ్యిమందికి ఒకరు, వందమందికి ఒకరు, యాభైకి, పదికి ఒకరు. చిన్నోడికి తేలనిది పెద్దోడి దగ్గరికి పోవాలి. సాఫ్ట్‌వేర్‌లో మేము ఎస్కలేషన్ అంటామే, అదే.

మరి మన సంఘంలో ఏం చేయొచ్చు? నాలుగు మాటలు చెప్తా.

ఒకటి, కొత్తవాళ్లకి క్లాసు వెంటనే అప్పజెప్పొద్దు. ఒక నెల పాత టీచర్ పక్కన కూర్చోబెట్టండి. తర్వాత వాళ్లు చెప్తుంటే పాతవాళ్లు చూడాలి.

రెండు, ఏ పెద్దా పిల్లలతో తలుపేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దలు. ఇది అనుమానం కాదు, పిల్లలకీ టీచర్‌కీ రక్షణ.

మూడు, నంబర్లు గోడ మీద రాసిపెట్టండి. పిల్లలకి కష్టమొస్తే 1098, ఆడవాళ్లకి 181, అత్యవసరమైతే 112. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. సంఘం పరువు పోతుందని దాచడం నేరం.

నాలుగు, నెలకొకసారి వాలంటీర్లని కూర్చోబెట్టి, "నువ్వెట్లున్నావు?" అని అడగండి. పని గురించి కాదు, మనిషి గురించి. అలిసిపోయినోళ్లకి ఒక నెల సెలవియ్యండి. సెలవడిగితే భక్తి తగ్గిందని మాట్లాడొద్దు.

వీటికి డబ్బు ఖర్చు లేదు. ఒక పెద్దమనిషి మనసు పెడితే చాలు.

పోయిన క్రిస్మస్‌కి ఆ పాప కనపడింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. "బాగుండావా అన్నా?" అని నవ్వింది. ఆ రోజు సంగతి అడగాలనుకున్నా, నోరు రాలేదు. అందుకే ఈ వీడియో.

మీ సంఘంలో పిల్లల క్లాసు చూసే అక్కకో అన్నకో దీన్ని వాట్సాప్ చేయండి. ఈ ఆదివారం వాళ్ల పక్కన ఒక పది నిమిషాలు కూర్చోండి.