నీటికాకిగా మారిన పక్షిరాజు: లివర్‌పూల్ పట్టణ లాంఛనము, దాని కట్టడములు

(శతాబ్ది ఉత్సవములలో చేసిన ప్రసంగ పాఠము)

శతాబ్ది అనగానే మనకు రెండు సంగతులు తలంపునకు వచ్చును. ఒకటి గుర్తు, రెండవది రాయి. గుర్తును కాగితముల మీద అచ్చువేయుదుము, రాతిని గోడలో నిలుపుదుము. మనము గతించిన తరువాత కూడ ఆ రెండును మాట్లాడుచునే యుండును. అవి ఏమి మాట్లాడవలెనో ముందుగా ఆలోచించుట మంచిది. అందుకై నేడు ఒక పట్టణమును మీ యెదుట ఉంచుచున్నాను. అది ఇంగ్లండు దేశపు పడమటి తీరమున, మెర్సీ నది సముద్రములో కలియు చోటనున్న లివర్‌పూల్ రేవు పట్టణము.

లాంఛనము అను మాట మనకు క్రొత్త కాదు. తూర్పు చాళుక్యుల తామ్రశాసనముల ముద్రపై వరాహముండును. కాకతీయులకును వరాహ లాంఛనమే. బందరులోని డచ్చివారి సమాధిరాళ్ల మీద డాలు ఆకారములో చెక్కిన వంశచిహ్నములను మీలో కొందరు చూచియుందురు. ఐరోపాలో వంశములకే గాక పట్టణములకును ఇట్టి లాంఛనములు గలవు. లివర్‌పూల్ లాంఛనము ఒక పక్షి. దానిని అక్కడివారు లివర్ పక్షి అందురు.

ఈ పక్షి చరిత్ర వినదగినది. 1207లో జాన్ రాజు ఆ ఊరికి పట్టణ హక్కులనిచ్చెను. జాన్ అనగా మన భాషలో యోహాను. సువార్తికుడైన యోహానుకు సంఘము పూర్వము నుండి పక్షిరాజును గుర్తుగా ఉంచినది. మన పాత దేవాలయములు కొన్నింటిలో బైబిలు నుంచు పీఠము రెక్కలు చాచిన పక్షిరాజు రూపములో నుండుట అందువలననే. కనుక రాజు పేరును బట్టి ఆ పట్టణపు ముద్రలో యోహాను పక్షిరాజును చెక్కి, దాని ముక్కున ఒక రెమ్మను, ప్రక్కన యోహాను పేరుగల పట్టికను ఉంచిరి. 1644లో, రాజునకును పార్లమెంటునకును జరిగిన యుద్ధములో పట్టణము ముట్టడింపబడగా ఆ పాత ముద్ర పోయినది. 1655లో క్రొత్తది చేసిరి. అప్పటికే మొదటి భావము మరుగున పడినది. చెక్కినది ఏ పక్షియో జనులకు తెలియలేదు. సముద్రపు ఒడ్డువారికి తెలిసిన పక్షి నీటికాకి గనుక దానినే ఇందులో చూచిరి. 1797లో లాంఛనములను మంజూరు చేయు కార్యాలయము దానికి అధికారమిచ్చినప్పుడు అది నీటికాకి అనియే వ్రాయబడినది. ముక్కున నున్న రెమ్మ కూడ సముద్రపు పాచిగా మారినది. సువార్తికుని పక్షిరాజు నీటికాకియైనది!

దీనిని విని నవ్వుకొనవచ్చును. కాని ఇందులో మనకొక హెచ్చరిక యున్నది. గుర్తు యొక్క భావమును పిల్లలకు చెప్పని తరము, దానిని తరువాతివారి ఊహకు విడిచిపెట్టుచున్నది.

అంతకంటె బరువైన సంగతి ఆ లాంఛనపు ఆదర్శ వాక్యములో నున్నది. డాలుకు ఇరుప్రక్కల నెప్ట్యూన్, ట్రైటన్ అను అన్యుల సముద్ర దేవతలు నిలిచియుందురు. క్రింద లాటిన్ భాషలో, ఈ నెమ్మదిని తమకు దేవుడే అనుగ్రహించెనను భావముగల మాట యున్నది. వినుటకు అది స్తోత్రము వలె నున్నది. అయితే ఆ మాట వేదవాక్యము కాదు. రోమా కవియైన వర్జిల్ వ్రాసిన గోపగీతములలో మొదటిదాని నుండి తీసినది. అందులో ఇద్దరు కాపరులు మాట్లాడుకొందురు. ఒకనికి అతని భూమి నిలిచినది. ఆ మేలు చేసిన పాలకుని అతడు దేవుడని పిలుచుచున్నాడు. రెండవవాని భూమిని సైనికులకిచ్చివేయగా అతడు మేకలను తోలుకొని దేశాంతరము పోవుచున్నాడు. పట్టణపు పెద్దలు నెమ్మది దొరికినవాని మాటను తీసికొని డాలు క్రింద వ్రాసికొనిరి. వెళ్లగొట్టబడినవాని మాటను విడిచిపెట్టిరి.

1797 నాటికి ఆ పట్టణపు నెమ్మది ఎక్కడ నుండి వచ్చినది? 1715లో అక్కడ ఓడలు నిలుచుటకు నీటిని నిలువకట్టిన రేవు తెరువబడినది. ఉప్పు, చక్కెర, పొగాకు, పత్తి వచ్చి పోయెడివి. వాటితోపాటు మనుష్యుల వ్యాపారమును పెరిగినది. 18వ శతాబ్ది చివరకు బ్రిటిషువారి బానిస వ్యాపారములో అధిక భాగము ఈ రేవు ఓడలదే. మొత్తముమీద సుమారు 15 లక్షల మంది ఆఫ్రికావారిని లివర్‌పూల్ ఓడలు సముద్రము దాటించెనని చరిత్రకారుల లెక్క. 1781లో ఇక్కడి వర్తకులకు చెందిన జాంగ్ అను ఓడ నుండి 130 మందికి పైగా బానిసలను బ్రదికియుండగనే సముద్రములో పడవేసి, తరువాత పోయిన సరుకునకు అడిగినట్లు బీమా సొమ్ము అడిగిరి. ఆ యజమానులలో ఒకడు పూర్వము ఆ పట్టణమునకు మేయరుగా నున్నవాడు. ఈ సంగతి జరిగిన 16 సంవత్సరములకు ఆ నెమ్మదిని దేవుడిచ్చెనని లాంఛనములో వ్రాసికొనిరి. 1807లో బ్రిటిషు పార్లమెంటు బానిస వ్యాపారమును నిషేధించినప్పుడు ఆ పట్టణపు ప్రతినిధియైన విలియం రాస్కో నిషేధమునకే ఓటు వేసెను. ఊరికి తిరిగి వచ్చినప్పుడు కోపముతో నిండిన గుంపు అతనికి ఎదురైనది.

లాంఛనము చెప్పనిదానిని అక్కడి రాళ్లు చెప్పుచున్నవి. 1754లో పూర్తియైన టౌన్ హాలు గోడల పైభాగమున ఆఫ్రికావారి ముఖములు, ఏనుగులు, మొసళ్లు చెక్కబడియున్నవి. కట్టినవారు దానిని తమ వాణిజ్య వైభవముగా చెక్కించిరి; నేటివారికి అది ఒప్పుకోలు పత్రముగా కనబడుచున్నది. దాని వెనుక 1813లో నిలిపిన నెల్సన్ స్మారకము గలదు. దాని పీఠము చుట్టు సంకెళ్లతో నలుగురు కూర్చుండియున్నారు. వారు నెల్సన్ గెలిచిన నాలుగు యుద్ధములకు గుర్తుగా చెక్కిన ఖైదీలు. అయినను ఆ ఊరి చరిత్ర తెలిసినవారు అక్కడ బానిసలనే చూచిరి.

ఇక నది ఒడ్డున 1911లో తెరచిన రాయల్ లివర్ భవనము. దాని రెండు గోపురముల మీద 18 అడుగుల ఎత్తుగల రెండు లోహపు పక్షులు నిలిచియున్నవి. ఒకటి సముద్రము వైపు, ఒకటి పట్టణము వైపు చూచుచుండును. అవి ఎగిరిపోయిన దినమున పట్టణము అంతమగునని జనుల మాట. ఇంత గొప్ప భవనమును కట్టించినది రాజు కాదు, జమీందారు కాదు. పేదలు కొద్ది కొద్దిగా సొమ్ము కూడబెట్టి, చనిపోయినవారిని గౌరవముగా పాతిపెట్టుకొనుటకు 1850లో ఆరంభించిన భూస్థాపన సంఘము నుండి పెరిగిన సంస్థ అది. మన సంఘములలో భూస్థాపన నిధికి చందా కట్టు విధవరాండ్రు దీనిని బాగుగా గ్రహింతురు.

ఆ పక్షులకు రూపకల్పన చేసినవాడు కార్ల్ బెర్నార్డ్ బార్టెల్స్. జర్మనీలో పుట్టి, ఇంగ్లండులో స్థిరపడి, అక్కడి పౌరుడైనవాడు. మొదటి ప్రపంచ యుద్ధము రాగా అతనిని శత్రువని నిర్బంధములో నుంచిరి. యుద్ధానంతరము జర్మనీకి పంపివేసిరి. పక్షులు గోపురము మీదనే నిలిచినవి. చేసినవాని పేరు చాలకాలము మరుగున పడినది.

దేవాలయములను గూర్చి కూడ ఒక మాట. 1941 మే నెలలో విమానముల బాంబులకు సెయింట్ లూక్ దేవాలయపు కప్పు కాలిపోయినది. దానిని మరల కట్టక, గోడలను అట్లే యుద్ధస్మారకముగా ఉంచిరి. ఆ పట్టణములో రెండు కథీడ్రళ్లు గలవు. ఆంగ్లికను కథీడ్రలుకు 1904లో పునాది వేయగా 1978లో పూర్తియైనది. దాని శిల్పి గైల్స్ గిల్బర్ట్ స్కాట్ రోమను కతోలికుడు. కతోలికుల కథీడ్రలు 1967లో ప్రతిష్ఠింపబడినది. దాని శిల్పి ఫ్రెడరిక్ గిబ్బర్డ్ కతోలికుడు కాడు. ఈ రెంటిని కలుపు వీధి పేరు హోప్ వీధి, అనగా నిరీక్షణ వీధి. ఆ పేరు హోప్ అను వర్తకుని ఇంటిపేరు నుండి వచ్చినదేగాని, ఒకరి దేవాలయమును మరియొకరు కట్టిన ఊరిలో ఆ పేరు తగియున్నది.

1999 డిసెంబరులో పట్టణ సభ బానిస వ్యాపారములో తమ పట్టణపు పాత్రకై బహిరంగముగా క్షమాపణ తీర్మానము చేసినది. 2007లో రేవు ఒడ్డుననే బానిసత్వపు చరిత్రను చూపు మ్యూజియము తెరువబడినది. 2004లో ఈ రేవునకు లభించిన ప్రపంచ వారసత్వ హోదాను, ఒడ్డున లేచిన క్రొత్త నిర్మాణములను బట్టి 2021లో యునెస్కో తీసివేసినది. హోదా పోయినను, ఆ ఒప్పుకోలు మాత్రము నిలిచియున్నది. నా మట్టుకు ఆ పట్టణపు స్మారకములన్నిటిలో అదియే ఎత్తయినది.

ప్రియులారా, మనము కూడ శిలాఫలకము చెక్కింపబోవుచున్నాము. దేవుడే ఇచ్చెనని దాని మీద వ్రాయుదుము, వ్రాయవలసినదే. అయితే వ్రాయుటకు ముందు విచారింతము. ఈ గోడలకు రాళ్లు మోసిన కూలీలెవరు? పిడికెడు బియ్యము తీసి పెట్టిన తల్లులెవరు? మన పాత మందిరములో వెనుక వరుసలో కూర్చుండబెట్టబడినవారెవరు? ఎవరి పేరును మనము మరచితిమి? ఇవి సంఘపు పెద్దలు బ్రదికియుండగనే అడిగి వ్రాసికొనవలసిన సంగతులు. ప్రతి గ్రామ సంఘము ఈ సంవత్సరములో ఒక పుస్తకము తెరచి ఆ పేర్లను చేర్చవలెనని మనవి చేయుచున్నాను. నెమ్మది దొరికినవాని మాటతోపాటు వెళ్లగొట్టబడినవాని మాటను కూడ వ్రాసినయెడల మన రాయి సత్యము పలుకును. మన పిల్లలు కూడ పక్షిరాజును చూచి నీటికాకి అనుకొనరు.