ఒక గుమాస్తా కొలిచిన కమానులు



మనది పాత మెదక్ జిల్లా. మెదక్ చర్చి చూడనివారు ఈ హాలులో ఉండరనుకుంటాను. పోస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి కూలిపని చూపిస్తూ కట్టించిన ఆ మందిరం 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. గోపురం 175 అడుగులు. ఆ మొనదేలిన కమానులు, రంగు అద్దాల కిటికీలు ఐరోపాలో ఎనిమిది వందల ఏళ్ల నాటి గోథిక్ పద్ధతి. మధ్యలో దాన్ని మోటుదని ఈసడించారు. గోథిక్ అన్న పేరే ఒక తిట్టు.

మళ్లీ దానికి గౌరవం తెచ్చినవారిలో థామస్ రిక్‌మన్ ఒకడు. లివర్‌పూల్‌లో బీమా దళారి వద్ద గుమాస్తా. అంటే మన కులమే! తీరిక దొరికితే చాలు, నడిచిపోయి పాత చర్చిల కిటికీలు, స్తంభాలు చూసి బొమ్మలు గీసుకునేవాడు. ఏది ముందుదో, ఏది వెనుకటిదో తేల్చి 1817లో పుస్తకం వేశాడు. ఆయన పెట్టిన పేర్లే ఇంగ్లండులో నేటికీ వాడుక. 1834లో కాలిపోయిన లండన్ పార్లమెంటు భవనాన్ని మళ్లీ ఆ పద్ధతిలోనే కట్టారు. ఆ గాలే మెదక్ దాకా వీచింది.

మన చుట్టుపక్కల ఊళ్లలో గడీల గోడలు ఏటా వానలకు కూలుతున్నాయి. రాళ్లు ఎవరో బండ్లలో వేసుకుపోతున్నారు. కాగితం లేని ఆస్తి గతి ఏమవుతుందో మనకన్నా తెలిసినవారెవరు? పొడవు, వెడల్పు, ద్వారం ఎత్తు, ఇంతే రాయవలసింది. టేపు నా దగ్గరుంది. రెండో కొస పట్టుకునే మనిషి కావాలి. మోకాళ్లు బాగున్నవారైతే మరీ మంచిది.